పాతకాలపు సొగసు

మా యింట కొంతకాలముగా నొక చిన్న వివాదము నడచుచుండెను. వివాదమనుటకంటె మందలింపనుట మేలు. ఏలయన, మాటలాడువాడను నేనొక్కడనే, మా యమ్మాయి తఱచుగా ఊరకుండెడిది. ఆమెకు పదునాఱేండ్లు. విజయనగరములో ఇంటర్మీడియెటు మొదటి సంవత్సరము చదువుచున్నది. తన యీడు పిల్లలు చేతిఫోనులలో క్రొత్తపాటలు వినుచుండగా ఈపిల్ల 1955వ సంవత్సరపు ‘మిస్సమ్మ’ను, 1957వ సంవత్సరపు ‘మాయాబజారు’ను, 1962వ సంవత్సరపు ‘గుండమ్మ కథ’ను ఎన్నిమాఱులు చూచినదో తనకే లెక్క తెలియదు. ‘రోమన్ హాలిడే’ యను 1953వ సంవత్సరపు అమెరికా చిత్రమును చూచి, అందలి రాజకుమార్తె వలెనే చొక్కాచేతులు పైకి మడిచికొని వారము దినములు తిరిగినది. మాయాబజారునకు ఛాయాగ్రహణము చేసిన మార్కస్ బార్ట్లే పేరు తెలిసినంత బాగుగా ఆమెకు తన ఫిజిక్సు మాస్టరు పేరు తెలియునో లేదో నాకు సందేహమే.

చూచుటతో నిలిచినచో నేనును ఊరకుందును. కాని వేషము కూడ మాఱినది. ఆదివారము వచ్చెనా, రెండు జడలు, జడలకు రిబ్బనులు, బుట్టచేతుల రవికె, పలుచని వాయిలు చీర. ఆమె స్నేహితురాండ్రు ‘మామ్మగారు’ అని పేరు పెట్టిరి. అందులకామె చిన్నబుచ్చుకొనుటకు మాఱు మురిసిపోయినది.

నేను హైస్కూలులో తెలుగు చెప్పువాడను. వీరేశలింగముగారిని, గురజాడవారిని ఇరువదేండ్లుగా పిల్లలకు పరిచయము చేయుచున్నాను. కావున నా అభ్యంతరము చదువు చెడునని కాదు. (ఆ భయము వాళ్ళమ్మది, మార్కులు వచ్చినప్పుడెల్ల అది కొంత తగ్గుచుండును.) నాది వేఱు. ఒక కాలమునందలి అన్యాయమును విడిచి దాని అందమును మాత్రము ఏఱుకొని ప్రేమించుట న్యాయమా? ఆ రవికె తొడిగిన ఆడుపిల్లలలో ఎందఱికి తమ పెండ్లినిగూర్చి నోరెత్తు చనువుండెను? ఆ వాయిలు చీరలు కట్టినవారిలో ఎందఱు చదువు ముగించిరి? వారి కష్టము మనకక్కఱలేదు, వారి బుట్టచేతులు మాత్రము కావలెను, అనుట ఒకరి యిల్లు కాలుచుండగా చలికాచుకొనుట వంటిది కాదా? ఇట్లని యొకనాడు ఆమెతోనే అంటిని.

అంతటితో విడువక, ఆ సాయంకాలము గురజాడవారి గ్రంథము తీసితిని. కన్యాశుల్కము 1892లో ఈ విజయనగరముననే మొదట ఆడబడి, 1897లో అచ్చయినది. ఆ తొలికూర్పు పీఠికలో, ఆనందగజపతి మహారాజు చేయించిన యొక పట్టిక ప్రసంగము కలదు. విశాఖపట్టణ మండలములో మూడు సంవత్సరములలో పిల్లకు వెలగట్టి జరిపిన బ్రాహ్మణ వివాహములు 1,034 లెక్కకు వచ్చినవట. ఆ పెండ్లికూతులలో 99 మంది అయిదేండ్లవారు. 44 మంది నాలుగేండ్లవారు. ముగ్గురు ఒక యేడాది పసిపిల్లలు. “నీ పాతకాలమిది” యని పుస్తకము మూసితిని.

ఆమె కొంతసేపూరకుండి, “నాన్నా, కన్యాశుల్కం పాఠం చెప్పినప్పుడు గిరీశం మాటలకి క్లాసంతా పడీపడీ నవ్విందని ఇంటికొచ్చి మీరే చెబుతారు. మీరూ నవ్వుతారు. అప్పుడా 99 మందీ మీకు గుర్తుంటారా?” అని యడిగినది.

నాకు మాట తోచలేదు. నేను నవ్వునది నిజము. గుర్తుండరన్నదియు నిజమే. ఆ రాత్రి నిద్రపట్టక మఱియొక సంగతి జ్ఞప్తికి తెచ్చుకొంటిని. కన్యాశుల్కము పి. పుల్లయ్యగారి దర్శకత్వమున చలనచిత్రమయినది 1955లోనే. అందు రామారావుగారు గిరీశము, సావిత్రి మధురవాణి. అదే యేడు అదే సావిత్రి మిస్సమ్మలో మేరీ. అనగా, మా యమ్మాయి కండ్లకు పాతకాలముగా తోచు ఆ 1955లో జనులు టిక్కెట్టు కొని చూచినది తమకంటె అఱువదేండ్ల వెనుకటి వేషములను. తాతలకాలపు సొగసును మనుమలు మెచ్చుట మా యింట క్రొత్తగా పుట్టినది కాదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో పాతకవులను విడిచి క్రొత్తవాని నాటకమేల ఆడవలెనను వాదమును ఎదుర్కొనవలసి వచ్చెను. అచ్చట పాతను పట్టుకొన్నవారు పెద్దలు. మా యింట పాతను పట్టుకొన్నది పిల్ల, దానిని తోసివేయువాడను నేను.

అయినను నా ప్రశ్న తీఱలేదు. ‘నీవును చేయుచున్నావు’ అనుట తప్పును ఇద్దఱికి పంచునేగాని తప్పు కాదని తేల్చదు.

మాయాబజారు చూచినవారికి అందలి రెండు వింతవస్తువులు గుర్తుండును. ఒకటి ప్రియదర్శిని, మూత తెఱచి చూచినవారికి తమకు ప్రియమైనది కనబడు పేటిక. శశిరేఖకు అభిమన్యుడు కనబడును, రేవతికి నగలు కనబడును. రెండవది సత్యపీఠము; దానిపై నిలిచినవాడు నిజము పలుకక తప్పదు. కడపట శకుని దానినెక్కి తన కపటమంతయు తానే బయటపెట్టును. మా యమ్మాయికి 1955వ సంవత్సరము ప్రియదర్శిని యనియు, నేను దానిని సత్యపీఠ మెక్కించుచున్నాననియు ఆ దినములలో నాకు గట్టినమ్మకము. తన కిష్టమైనదే ఆమెకు కనబడుచున్నది. వెన్నెలనే తీసికొందము. మాయాబజారు వెన్నెల ఆకాశమునుండి దిగినది కాదు. మదరాసులో స్టూడియో గోడల నడుమ బార్ట్లే దీపములతో కాయించినది. ఆ వెన్నెల 1957లో కూడ ఏ యూరనులేదు. లేని వెన్నెలకొఱకు ఈపిల్ల బెంగపెట్టుకొన్నదని నాకు తోచెను.

ఆ పాటల సంగతి యెత్తినచో మాత్రము నేను మెత్తబడుదును. ఆ సంగీతములో మా ప్రాంతపు పాలు పెద్దది. మాయాబజారునకు కొన్ని వరుసలు కట్టి విడిచిన సాలూరి రాజేశ్వరరావుగారు సాలూరు చెంతనున్న శివరామపురమున 1922లో పుట్టినవారు. ఆ పని ముగించిన ఘంటసాల దూరమునుండి వచ్చి విజయనగరపు సంగీత కళాశాలలో విద్య నేర్చినవాడు. సుశీల 1935లో ఈయూరనే పుట్టినది. ఘంటసాల ఇచ్చట చదువుకొను దినములలో జోలె పట్టి యింటింట మధూకరమెత్తి కడుపు నింపుకొనెను. మా యమ్మాయికి ఇది తెలియును. నేను చెప్పకముందే తెలియును. అతడు బియ్యము పట్టిన వీధులేవో తెలిసికొని చూడవలెనని అడుగుచుండెడిది కూడ. ఇది నేను గమనించియు గమనింపనట్లుంటిని. తన కిష్టమైనదే చూచుకొను పిల్ల మధూకరపు వీధి నడుగదు.

పోయిన వర్షాకాలమున మా పెద్దమ్మ మా యింటికి వచ్చి యుండసాగెను. ఆమె మా తల్లికి అక్క, ఎనుబదిరెండేండ్లు. కొడుకులు దూరదేశములలో నున్నారు. తనతో నొక ట్రంకుపెట్టె తెచ్చుకొన్నది. మనుమరాలికి పెట్టెయన్నచో ప్రాణము. ఒక మధ్యాహ్నము ఇద్దఱును కూర్చుండి దానిని తెఱచిరి. ఇత్తడి గిన్నెల నడుమ, పాతపంచె ముక్కలో చుట్టి, నేరేడుపండు రంగు రవికె యొకటి వెలికి వచ్చినది. బుట్టచేతులది. మా యమ్మాయి కేకవేసినది. నేను ప్రక్కగదిలో జవాబుపత్రములు దిద్దుచుంటిని. కేక విని తేలు కుట్టెనేమోయని పరుగెత్తితిని.

ఆ రవికె కథ పెద్దమ్మ చెప్పినది. ఆమెది శ్రీకాకుళము ప్రాంతపు పల్లె. 1956 వేసవిలో ఊరిబయట డేరా వేసి మిస్సమ్మ ఆడించిరి. ఆ కథ తెలియనివారు తక్కువ. బి.ఏ. ప్యాసయి ఉద్యోగము లేని మేరీ, అట్టివాడే యైన రావు, భార్యాభర్తలైన పంతుళ్ళు కావలెనను ప్రకటన చూచి, దంపతులమని బొంకి ఒక యూరి బడిలో చేరుదురు. మనము చూచి నవ్వునది ఆ బొంకును గుఱించి. పదుమూడేండ్ల మా పెద్దమ్మ పట్టుకొన్నది వేఱు. “ఆడది కుర్చీలో కూర్చుని పాఠం చెప్తోంది. బి.ఏ. అంట. నాకు ఇంకేటీ బుర్రకెక్కలేదు” అనినది. ఆమె అప్పుడు ఎనిమిదవ తరగతికి రాబోవుచుండెను. ఆ యేడు గడచి 1957లో వచ్చిన సంక్రాంతికి, పండుగకని యిచ్చిన డబ్బులు కూడబెట్టి, సినిమాలలో చూచినట్టి బుట్టచేతులు పెట్టి కుట్టుమని ఊరి దర్జీని బ్రతిమాలి యీ రవికె కుట్టించుకొన్నది. ఆ వేసవిలోనే పెండ్లి. బడి ముగిసినది.

“మిస్సమ్మ పెళ్ళికి ముందు, మాయాబజారు పెళ్ళికి తరవాత” అని ఆమె తన జీవితమును రెండు తునకలుగా చెప్పును. పదునాలుగేండ్లు అప్పటికామెకు. 1929 నాటి శారదా శాసనము ఆడుపిల్లకు పదునాలుగేండ్లు చాలుననెను. 1955 నాటి హిందూ వివాహ శాసనము పదునైదు కావలెననెను. పదునెనిమిది యైనది 1978లో. కావున ఆ పెండ్లి ఒక యేడు తక్కువగనే జరిగినది. ఆ లెక్క ఎవరును చూడలేదు. మా తాతగారు క్రూరుడు కాడు. పై తరగతులున్న బడి పొరుగూర నుండెను, పిల్ల ఎదిగినది, మంచిసంబంధము వచ్చినది. అంతే. తొమ్మిదేండ్లు చిన్నదైన మా తల్లి అదే యింటనుండి అదే పొరుగూరికి నడచి పోయి ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైనది. అక్కకు దూరమైన బడి చెల్లెలికి దగ్గఱయైనదా? ఇంటివారి మనస్సు నడచినది.

అదే 1955లో అమెరికాలో ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ అను చిత్రము వచ్చినది. నాయకుడు జేమ్స్ డీను సెప్టెంబరు 30న కారు ప్రమాదమున చనిపోగా, ఆ మఱునెలలో విడుదలైనది. అందలి పిల్లలకు బాల్యము గడచినది, సంసారము ఇంకను రాలేదు. ఆ నడుమ కాలము వారిదే. వారికి ప్రత్యేకముగా దుస్తులు, పాటలు, అలుకలు కలవు. ఆ యీడుకు టీనేజరను పేరు అచ్చటనే వాడుకకెక్కినది. మన భాషలో ఆ పదమునకు తగినమాట నేటికిని కుదురుకొనలేదు. పదమున కాదు, లోపమున్నది వస్తువునందే. మా పెద్దమ్మకు బాల్యమున్నది, సంసారమున్నది. నడుమ నేమున్నదని వెదకగా నాకు దొరకినది ఆ సంక్రాంతి మొదలు ఆ వేసవి వఱకు గల నాలుగు నెలలు, ఈ రవికె.

మా యమ్మాయి ప్రేమించుచున్నది 1955వ సంవత్సరమును. కాని దేనినైనను అట్లు తీఱికగా ప్రేమించుట 1955లో ఆమె యీడు ఆడుపిల్లకు మా పల్లెలలో కుదిరినది కాదు. పదునాఱేండ్లు వచ్చియు పెండ్లికాక, చదువు మానక, ఆదివారము పూట అద్దము ముందు నిలిచి రెండు జడలు వేసికొని ఏ కాలము తనకు నచ్చునో యెంచుకొను ఈ వెసులుబాటు గురజాడవారు, వీరేశలింగముగారు పోరాడి సంపాదించిన ఆస్తిలోనిదే. నేను ఆ ఆస్తిని చూపి ఆ ఆస్తిననుభవించుచున్నదానినే తిట్టుచుంటిని.

ఇది తెలిసిన పిదపకూడ నా బోధకుడు నాలోనుండి పోలేదు. రవికెను చేతబట్టుకొని, “చూచితివా? దీనివెనుక ఎంత దుఃఖమున్నదో! పెద్దమ్మ బ్రతుకంతయు...” అని యారంభించితిని. పెద్దమ్మ నా మాట సాగనీయలేదు.

“నువ్వూరుకోరా. అప్పుడన్నీ ఏడుపులే అన్నట్టు చెప్తావు. ఆ జాకెట్టు తొడుక్కుని సంక్రాంతికి ఊరంతా తిరిగేను. ఎంత బాగున్నానో నీకేటి తెలుసు?”

సత్యపీఠమును గుఱించి నేను చేసిన తప్పు అప్పుడు తెలిసినది. ఆ చిత్రములో దానిని శకుని యెక్కుట చూచి, అది నేరములు చెప్పించు యంత్రమని నేననుకొంటిని. అది నిజము చెప్పించునది. శశిరేఖ యెక్కినచో ఆమెయు నిజమే చెప్పును, ఆ నిజము నేరము కానక్కఱలేదు. మా పెద్దమ్మ చదువు మాన్పించుట నిజము. ఆమె సంక్రాంతినాడు ఊరంతయు మురిసి తిరుగుటయు అంతే నిజము. మొదటిదానిని విడిచినవాడు కండ్లు మూసికొన్నవాడు. రెండవదానిని విడిచినవాడు ఆమెకు మిగిలినదానిని కూడ లాగుకొన్నవాడు. సంస్కరణమును ప్రేమించు మాబోటివారము రెండవపని తఱచుగా చేయుదుము. మనము జాలిపడుటకు వీలుగా మన పెద్దలు దినమెల్ల ఏడ్చుచుండవలెనని లోలోపల కోరుదుము.

అమ్మాయి అడిగినది: “మరి పెళ్ళయ్యాక వేసుకోలేదా, పెద్ద మామ్మా?”

“ఒకమాటు వేసేను. సినిమా వేషం అన్నారు అత్తారింట్లో. మడతెట్టి పెట్లో పెట్టేను.”

“నీకు ప్రియదర్శిని దొరికితే ఏం కనిపిస్తుంది?”

“అప్పుడైతే మా బడెనకాల చింతచెట్టు కనిపించును. ఇప్పుడైతే నొప్పుల్లేని మోకాళ్ళు” అని ముసలామె నవ్వినది.

ఇచ్చట నొక ప్రక్కదారి పట్టుదును. ఆ తరువాత పొందూరు చీర కావలెనని అమ్మాయి కోరగా ఇద్దఱమును రైలెక్కి పొందూరు పోయితిమి. ఆ ఖద్దరు గాంధీగారి మెప్పు పొందినది. నాగేశ్వరరావుగారు కట్టిన పంచెలవలన సినిమావారిలోను పేరు వచ్చినది. అచ్చట నేటికిని వాలుగచేప దవడయెముకతో ప్రత్తిని దువ్వి, ఆ దూదితో వెండ్రుకవంటి నూలు వడకుదురు. ఆ పని చేయువారు స్త్రీలు, మేము చూచినవారిలో పెక్కుమంది వయసు మీఱినవారు. మాతో మాటలాడిన యామె మిల్లుచీర కట్టియుండెను. చీరవెల విని నేను లోలోపల బేరము కట్టుచుండగా, అమ్మాయి ఆ యామె ప్రక్కన చతికిలబడి, దినమునకెంత వడకుదురు, ఎంత వచ్చును, కండ్లు మంటపుట్టవా యని యడుగుచుండెను. ఆ నెల చీర కొనలేదు. మా జీతములకు అది తొందరపడి కొను వస్తువు కాదు. తిరిగి వచ్చునప్పుడు రైలులో ఆమె మాటలాడలేదు. నేనును బోధింపలేదు. సొగసును ప్రేమించుట ఆమెకు దానిని చేసిన చేయివఱకు దారి చూపినది. నా పట్టికలు, పీఠికలు ఆమెనంతదూరము నడిపింపలేదు.

అట్లని అందఱు పిల్లలును అట్టివారే యనను. పాతవేషము వేసి, పాతకాలమే మేలనియు, ఆనాటి ఆడువారు అణకువతో నుండిరనియు పలుకువారిని నేనెఱుగుదును. వారిలో పిల్లలకంటె పెద్దలే యెక్కువ. రవికెతోబాటు ఆ యత్తవారి మాటను గూడ మరల తొడిగింపజూచు ప్రేమ యొకటి యున్నది. దానితో నాకు రాజీ లేదు. ఆ రెంటికి భేదము చూచుటకు నాకిప్పుడొక గుఱుతు దొరకినది. పాతకాలమును మెచ్చు పిల్ల ఆ కాలపు ముసలివారిని ప్రశ్నలడుగుచున్నదా, లేదా? అడిగినచో వేషము ఎట్టిదైనను నాకు భయము లేదు.

రవికె మా యమ్మాయికి ప్రక్కల బిగువైనది. పదునాలుగేండ్ల పిల్లకు కుట్టినది కదా. విప్పి మడిచి తిరిగి యిచ్చివేయబోగా పెద్దమ్మ వద్దనినది. “పక్కకుట్లు విప్పించు. లోపల గుడ్డుంటాది. చదువయ్యేదాకా రావాలని వదిలి కుట్టమన్నాను.” నిజమే, రెండు ప్రక్కలను లోపల రెండేసి వ్రేళ్ళ వెడల్పున గుడ్డ మడిచి కుట్టియున్నది. అఱువదియెనిమిదేండ్లుగా ఆ కుట్టును ఎవరును విప్పలేదు.

గంటస్తంభము దగ్గఱి దర్జీయొద్దకు తీసికొనిపోయితిమి. అతడు బ్లేడుతో దారములు తెంపి మడత తెఱచెను. వెలుపలిభాగము వెలిసి బూడిదచాయకు వచ్చినది. లోపలిపట్టె మాత్రము నిన్న రంగు వేసినట్లు నల్లనేరేడువలె నుండెను. “తేడా తెలిసిపోతాదమ్మా” అని అతడు చెప్పెను. ఫరవాలేదు, కుట్టుమని అమ్మాయి చెప్పినది.

ఆదివారము తొడిగికొని వచ్చి పెద్దమ్మ యెదుట నిలిచినది. ఆమె అద్దాలు పెట్టుకొని, దగ్గఱకు పిలిచి, చేతులెత్తుమని చెప్పి, రెండు ప్రక్కలను వ్రేలితో తడవి చూచినది. “ఎడమపక్క కుట్టు వంకరపోయింది. వాడి చేత మళ్ళీ కుట్టించు” అనినది. మఱునాడు సాయంకాలము మరల గంటస్తంభమునకు పోవలసివచ్చెను.